రెండు రౌండింగ్ ఫంక్షన్లను ఒకటి చేశాను, ఆర్మ్ టెస్టులు పోయాయి: సాఫ్ట్‌ఫ్లోట్ రీఫ్యాక్టరింగ్‌లో సాయం కావాలి

సున్నా_పక్కన | శుక్రవారం రాత్రి 10:42

అందరికీ నమస్తే. మన ఎమ్యులేటర్ గురించి తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. ఆర్మ్, రిస్క్-ఫైవ్ బోర్డుల కోసం రాసిన ప్రోగ్రాములను బోర్డు కొనకుండా ల్యాప్‌టాప్ మీదే నడిపి చూసుకునే చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇది. ఆరేడుగురం ఆఫీసులు అయ్యాక చేస్తున్నాం.

దశాంశాల లెక్కలకు హోస్ట్ ప్రాసెసర్‌ని, అంటే ల్యాప్‌టాప్‌లోనిదాన్ని, నమ్ముకోం. అన్నీ పూర్ణాంకాలతో మనమే చేస్తాం, సాఫ్ట్‌ఫ్లోట్ అంటే అదే. గెస్ట్ (మనం అనుకరించే బోర్డు) ఏ చిప్ అయితే ఆ చిప్ ఇచ్చే జవాబే బిట్టు తేడా లేకుండా రావాలి మరి. ఆ ఫైలు ఒక్కసారి తెరిచినవాళ్లు ఎవరూ దాన్ని మర్చిపోరు. 16 బిట్ల కూడిక ఒకటి, 32 బిట్లది ఒకటి, 64 బిట్లది ఇంకోటి. తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం, అన్నీ ఇలాగే మూడేసి. దానిమీద ఆర్మ్‌కి ఒక రౌండింగ్, రిస్క్-ఫైవ్‌కి ఒక రౌండింగ్. ఒకచోట బగ్ సరిచేస్తే మిగతా అయిదుచోట్లా గుర్తుపెట్టుకుని సరిచేయాలి. ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

రెండు వారాలు కూర్చుని దాన్ని మూడు అంచెలుగా మార్చాను. ముందు ఏ సైజు సంఖ్యనైనా విప్పి సైన్ (గుర్తు), ఎక్స్‌పోనెంట్ (ఘాతం), 64 బిట్ల మాంటిస్సా (అసలు అంకెలు) ఉన్న ఒకే స్ట్రక్చర్‌లో పెడతాను. లెక్క అందులోనే. చివర్లో రౌండ్ చేసి మళ్లీ మడిచేస్తాను. మాంటిస్సా పై బిట్టుని 62వ స్థానంలో ఉంచాను, కూడికలో క్యారీ వస్తే 63 ఖాళీగా ఉంటుంది. డబుల్‌కి 53 బిట్లు పోగా కింద 10 మిగులుతాయి, రౌండింగ్‌కి అవి చాలు.

రిస్క్-ఫైవ్ టెస్టులన్నీ పాస్. ఆర్మ్‌లో మాత్రం టెస్ట్‌ఫ్లోట్ (ఇలాంటి లెక్కల్ని పరీక్షించే ప్రోగ్రాం) 32 బిట్ల గుణకారంలో 11 ఫెయిల్ చూపిస్తోంది. చిత్రం ఏంటంటే పాత కోడ్ ఇచ్చిన ఫలితాలతో పోల్చి చూస్తే పదకొండూ సరిపోతున్నాయి. ఇంకోటి, డీబగ్ బిల్డ్‌లో 1.0 + 1.0 చేసినా ఇన్‌ఎగ్జాక్ట్ ఫ్లాగ్ (జవాబు కచ్చితం కాదు, రౌండ్ చేశాం అనే గుర్తు) లేస్తోంది. ఆప్టిమైజ్ చేసిన బిల్డ్‌లో లేవట్లేదు. బ్రాంచ్ పెట్టాను, ఎవరైనా ఒక కన్నేయండి.

10హెచ్_బస్సు | రాత్రి 10:58

ఒకటీ ఒకటీ రెండు అని చెప్పి పక్కన "సుమారుగా" అని రాసే ఎమ్యులేటర్! మస్తుంది అక్కా, మా మేనేజర్ ఎస్టిమేషన్లకి సరిగ్గా పనికొస్తుంది.

సీరియస్‌గా ఒక డౌట్. 32 బిట్లవన్నీ హోస్ట్ డబుల్‌లో చేసేసి చివర్లో 32కి తగ్గిస్తే పోదా? సగం ఫైలు ఎగిరిపోతుంది కదా.

నాన్_కాదు_నేను | రాత్రి 11:20

ముందు 1.0 + 1.0 సంగతి. నీ కుడి షిఫ్ట్ ఫంక్షన్ చూశాను. ఎన్ బిట్లు కుడికి జరుపుతున్నావు, బయటపడ్డ బిట్లలో ఏదైనా 1 ఉందేమో చూడటానికి అదే సంఖ్యని 64 మైనస్ ఎన్ బిట్లు ఎడమకి జరుపుతున్నావు. ఎన్ సున్నా అయితే? 64 బిట్ల సంఖ్యని 64 బిట్లు జరపమంటున్నావు. సీ భాషలో దానికి అర్థమే లేదు, కంపైలర్ ఇష్టం. డీబగ్ బిల్డ్‌లో అది నేరుగా ప్రాసెసర్ దగ్గరికి పోతుంది. ఎక్స్86 (మన ల్యాప్‌టాప్ ప్రాసెసర్) ఆ లెక్కలో కింది 6 బిట్లే చూస్తుంది కాబట్టి దానికి 64 అంటే సున్నా. సంఖ్య ఎక్కడిదక్కడే ఉంటుంది, "ఏదో బయటపడింది" అని నీ కోడ్ అనుకుంటుంది. ఆప్టిమైజ్ చేసినప్పుడు ఫ్లాగ్ లేవకపోవడం నీ అదృష్టం, అంతకుమించి ఏమీ కాదు.

మూడు దారులు విడివిడిగా రాయి. ఎన్ సున్నా అయితే ఉన్నది ఉన్నట్టే. 63 వరకూ నీ సూత్రం. 64, ఆపైన అయితే సంఖ్య సున్నా కానప్పుడు 1, లేకపోతే 0. బర్క్‌లీ సాఫ్ట్‌ఫ్లోట్ లైబ్రరీలో జామింగ్ షిఫ్ట్ అని ఉండేది ఇదే. యూబీశాన్ (ఇలాంటి అర్థం లేని పనుల్ని పట్టే కంపైలర్ తనిఖీ) పెట్టి ఒకసారి నడిపి ఉంటే మొదటి నిమిషంలోనే అరిచేది.

బస్సు గారికి: కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం వరకూ మీరన్నది నడుస్తుంది. 24 బిట్లకి రెట్టింపు, దానికి 2 కలిపితే 50. డబుల్‌కి 53 ఉన్నాయి కాబట్టి రెండుసార్లు రౌండ్ చేసినా జవాబు చెడదు. గుణించి కలిపే ఎఫ్‌ఎంఎ దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క చెల్లదు. అక్కడ మొత్తానికి ఒక్కసారే రౌండ్ చేయాలి, రెండుసార్లు చేస్తే కొన్ని జవాబులు చివరి బిట్టులో తప్పుతాయి. ఫ్లాగుల బాధ ఎలాగూ మన మీదే ఉంటుంది.

కొత్తగా_కోడ్ | రాత్రి 11:31

అన్నా, చిన్న ప్రశ్న. బయట పడిపోయిన బిట్లతో మనకేం పని? ఎలాగూ పారేసేవే కదా. (ఇంకా కాలేజీలోనే ఉన్నాను, తిట్టకండి.)

సున్నా_పక్కన | రాత్రి 11:44

తిట్టడానికేముంది తమ్ముడూ, నేనూ అక్కడే పడ్డాను. 32 బిట్ల ఫ్లోట్‌లో 1,67,77,216 తర్వాత వచ్చే సంఖ్య 1,67,77,218. మధ్యలో 217కి చోటు లేదు. 1,67,77,216కి 1 కలిపితే సరిగ్గా మధ్యలో పడుతుంది. మధ్యలో పడితే చివరి బిట్టు సున్నా ఉన్న వైపు వెళ్లాలని రూలు, కాబట్టి మళ్లీ 216కే వస్తుంది. ఇప్పుడు 1 బదులు 1.0000001 కలుపు. మధ్యకంటే ఒక్క నలుసు ఎక్కువ, కాబట్టి 218 రావాలి. ఆ నలుసు ఎక్కడుంది? మనం జరిపేటప్పుడు కింద పడిపోయిన బిట్లలో. వాటన్నిటినీ దాచక్కర్లేదు, "కింద ఏదో ఒకటి ఉంది" అని ఒక్క బిట్టు గుర్తుంచుకుంటే చాలు. అదే స్టిక్కీ బిట్టు.

@నాన్_కాదు_నేను థాంక్స్ అన్నా. మూడు దారులూ పెట్టాను, 1.0 + 1.0 బుద్ధిగా ఉంది. ఆర్మ్ 11 మాత్రం అలాగే ఉన్నాయి.

కొండాపూర్_కెర్నల్ | శనివారం ఉదయం 7:15

ఫలితాలు పోల్చావు సరే, ఫ్లాగులు పోల్చావా? టెస్ట్‌ఫ్లోట్ రెండూ చూస్తుంది. ఫెయిలైన ఇన్‌పుట్ ఒక్కటి పూర్తిగా పెట్టు.

సున్నా_పక్కన | ఉదయం 7:52

ఫ్లాగులు చూడలేదు. ఇదిగో ఒకటి.

మొదటిది 1 − 2⁻²³. రెండోది (1 + 2⁻²³) × 2⁻¹²⁶, హెక్స్‌లో 00800001. గుణిస్తే వచ్చింది హెక్స్ 00800000, అంటే సరిగ్గా 2⁻¹²⁶. ఆర్మ్ ఫ్లాగుల రిజిస్టర్‌లో హెక్స్ 18 రావాలంటోంది, మనకు 10 వస్తోంది. అంటే ఇన్‌ఎగ్జాక్ట్ ఉంది, అండర్‌ఫ్లో (జవాబు మరీ చిన్నదైంది అనే ఫ్లాగ్) లేదు. రిస్క్-ఫైవ్‌లో ఇవే ఇన్‌పుట్లకి ఇన్‌ఎగ్జాక్ట్ ఒక్కటే రావాలి, అదే వస్తోంది.

నాన్_కాదు_నేను | ఉదయం 8:30

అబ్బ, పొద్దున్నే ఎంత మంచి ఉదాహరణ పెట్టావు!

కాగితం తీసుకో. అసలు లబ్ధం ఎంత? (1 − 2⁻²³)(1 + 2⁻²³) అంటే 1 − 2⁻⁴⁶. దాన్ని 2⁻¹²⁶తో గుణించాలి. 32 బిట్ల ఫ్లోట్‌లో మామూలు సంఖ్యల్లో అతి చిన్నది 2⁻¹²⁶. మన లబ్ధం దానికంటే వెంట్రుకవాసి తక్కువ. రౌండ్ చేశాక సరిగ్గా 2⁻¹²⁶ అయి కూర్చుంది. ఇప్పుడు చెప్పు, ఇది "మరీ చిన్న సంఖ్య" అయినట్టా, కానట్టా?

ఐఈఈఈ 754 (ఫ్లోటింగ్ పాయింట్ లెక్కల ప్రమాణం) దీన్ని తేల్చి చెప్పలేదు. రౌండ్ చేయకముందు చూసినా సరే, చేశాక చూసినా సరే, ఏదో ఒకదానికి కట్టుబడి ఉండమంది. ఆర్మ్ ముందు చూస్తుంది, కాబట్టి అండర్‌ఫ్లో లేస్తుంది. రిస్క్-ఫైవ్, ఎక్స్86 తర్వాత చూస్తాయి, కాబట్టి లేవదు. ఫలితం బిట్లు రెండిట్లోనూ ఒకటే. టెస్ట్‌ఫ్లోట్‌లో "ముందా, తర్వాతా" అని చెప్పడానికి విడిగా ఆప్షనే ఉంది. నువ్వు రెండు రౌండింగ్ ఫంక్షన్లూ ఒకటే అనుకుని రిస్క్-ఫైవ్‌ది ఉంచి ఆర్మ్‌ది తీసేసి ఉంటావు.

సున్నా_పక్కన | ఉదయం 8:41

తీసేశాను 🙈

పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. ఒక్క కండిషన్ రెండు లైన్లు పైన ఉంది, అంతే. ఎవరో కంగారులో అలా రాశారనుకున్నాను. దాని మీద "ముట్టుకోవద్దు" అని ఒక కామెంట్ ఉంది. ఎందుకో లేదు.

కొండాపూర్_కెర్నల్ | ఉదయం 8:44

ఆ కామెంట్ రాసింది నేనే. కారణం తెల్లారి రాద్దాంలే అనుకున్నాను. 2019 సంగతి.

10హెచ్_బస్సు | ఉదయం 8:46

ఇంకా తెల్లారలేదు అన్నకి 😂

పాతచిప్పు | ఉదయం 10:05

అమ్మాయీ, నేను ఏఎస్ రావు నగర్ నుంచి. రిటైరై చాలా కాలమైంది. మీ చర్చ మా అబ్బాయి చూపించాడు, మాట కలపకుండా ఉండలేకపోతున్నాను.

మా రోజుల్లో బాలానగర్‌లో ఒక వర్క్‌షాప్‌కి ఎలక్ట్రానిక్ కాటా చేసిపెట్టాం. 8085 బోర్డు. 8087 కోప్రాసెసర్ 1980లోనే వచ్చింది కానీ అది 8086, 8088 పక్కన కూర్చునేది, మా 8085కి పనికిరాదు. కొనే స్తోమతా లేదనుకోండి. ఫ్లోటింగ్ పాయింట్ మొత్తం అసెంబ్లీలో చేత్తో రాసుకున్నాం. మా ఫార్మాట్ మాదే. నాన్ (సంఖ్య కాదు అని చెప్పే విలువ) లేదు, ఇన్ఫినిటీ లేదు. మెమరీ చాలక నేను ఒక ఆదివారం కూర్చుని తీసివేత రొటీన్లు రెండింటిని ఒకటి చేశాను. రెండూ అచ్చు ఒకటే, ఒకదాని చివర్లో సైన్ బైటుని సున్నా చేసే ఇన్‌స్ట్రక్షన్ ఒక్కటి ఎక్కువ ఉంది. అనవసరం అనుకుని తీసేశాను. పది బైట్లు మిగిలాయని ఎంత సంబరపడ్డానో.

మర్నాడు బస్తా దించాక కాటా మీద "−0.0" అని వచ్చింది. పక్కనే ఉన్న హమాలీ మేస్త్రి చూసి "ఏంది సారూ, ఖాళీ కాటాకి మనమే బాకీ ఉన్నమా?" అన్నాడు. ఆ ఇన్‌స్ట్రక్షన్ ఎందుకుందో రాసినవాడిని అడగాల్సింది. రాసినవాడు పక్క టేబుల్ దగ్గరే కూర్చునేవాడు. అడగలేదు.

కొత్తగా_కోడ్ | ఉదయం 10:20

సార్ 🙏 ఇలాంటివి ఇంకా చెప్పండి.

కొండాపూర్_కెర్నల్ | ఉదయం 11:10

సరే, ఇప్పుడు ప్యాచ్ గురించి. అమ్మా, నువ్వు ఒకే కమిట్‌లో 41 ఫైళ్లు పంపావు. పేర్లు మార్చడం, కోడ్ వేరే ఫైల్లోకి జరపడం, స్ట్రక్చర్ మార్చడం, పాతవి తీసేయడం, అన్నీ ఒకటే మూట. ఈ టైనీనెస్ (మరీ చిన్నదా కాదా అని చూసే) తప్పు అందులో దొరకడానికి పది గంటలు పట్టింది, అదీ నాన్ గారు స్పెసిఫికేషన్లు తలకింద పెట్టుకుని పడుకునే మనిషి కాబట్టి. ముక్కలుగా ఉంటే గిట్ బైసెక్ట్ (తప్పు తెచ్చిన కమిట్‌ని సగం సగం చేస్తూ వెతికేది) నేరుగా చెప్పేది. 64 కమిట్లున్నా ఆరు అడుగుల్లో పట్టుకుంటుంది.

నేనైతే ముందు ఒక్క అక్షరం కూడా మార్చకుండా జరపడం మాత్రమే చేస్తాను. తర్వాత కొత్త స్ట్రక్చర్ పెట్టి కూడిక, తీసివేత ఒక్కటే దాని మీదకి మారుస్తాను, పాత గుణకారం పక్కన అలాగే నడుస్తుంది. అది పాసయ్యాక గుణకారం. ఎఫ్‌ఎంఎ ఆఖరున. ప్రతి కమిట్ దానంతటది కంపైల్ అయి టెస్టులు పాసవ్వాలి.

ఇంకోటి. ఫైళ్లు జరిపేటప్పుడు పైన ఉన్న లైసెన్స్ నోటీసులు మాయమయ్యాయి. మన పాత కోడ్‌లో సగం జాన్ హౌజర్ రాసిన బర్క్‌లీ సాఫ్ట్‌ఫ్లోట్ నుంచి తెచ్చుకున్నదే. రెండో విడుదల షరతులు వేరు, మూడోది బీఎస్‌డీ లైసెన్స్. ఏ ఫంక్షన్ ఎక్కడిదో ఆ నోటీసు దానితోపాటే వెళ్లాలి. కోడ్ ఎంత తిరగరాసినా సరే.

సున్నా_పక్కన | ఉదయం 11:32

లైసెన్స్ నా తప్పే, ఒప్పుకుంటున్నా. ముక్కలు చేయడం మీద మాత్రం ఒక మాట. మధ్యలో పాతదీ కొత్తదీ రెండూ ఉండే స్థితి ఇంకా అసహ్యంగా ఉంటుంది అన్నా. ఫైలు పెరుగుతుంది కూడా. సగంలో నాకు ఆఫీసులో రిలీజ్ పడిందంటే అలాగే ఉండిపోతుంది.

నాన్_కాదు_నేను | మధ్యాహ్నం 12:15

ఉండిపోనీ. పనిచేసే అసహ్యం పర్వాలేదు. క్యూఈఎంయూ (పెద్ద ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్) వాళ్లు ఇదే దారిలో వెళ్లారు. 2018లో 16 బిట్ల లెక్కలు చేర్చాల్సి వచ్చినప్పుడు మళ్లీ ఇంకో కాపీ రాయలేక, విప్పి లెక్కచేసి మడిచే పద్ధతికి మార్చారు. 128 బిట్లవీ, ఎక్స్87 వాడే 80 బిట్లవీ మాత్రం చాలాకాలం పాత కోడ్‌లోనే నడిచాయి, 2021లో గానీ ఇటు రాలేదు. మూడేళ్లు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఎవరికీ ఏమీ కాలేదు.

చిప్‌కీ చిప్‌కీ నిజంగా ఉన్న తేడాలని మాత్రం ఒకేచోట, పేరు పెట్టి ఉంచు. "టైనీనెస్ ముందు" అని ఒక ఫీల్డ్. "నాన్ ఎంపిక" అని ఇంకో ఫీల్డ్. రిస్క్-ఫైవ్‌లో కూడిక, గుణకారం లాంటివాటికి నాన్ వస్తే ఎప్పుడూ ఒకటే నాన్. ఆర్మ్ మామూలు మోడ్‌లో మాత్రం ఇన్‌పుట్‌గా వచ్చిన నాన్‌నే ముందుకి పంపిస్తుంది, సిగ్నలింగ్ నాన్ (వాడితే ఫ్లాగ్ లేపేది; లేపనిది క్వైట్) ఉంటే దానికి మొదటి పీట. పాత మిప్స్ ఎప్పుడైనా చేర్చారా, ఇక చూడు. అందులో క్వైట్, సిగ్నలింగ్ గుర్తించే బిట్టు అర్థమే తలకిందులు.

10హెచ్_బస్సు | మధ్యాహ్నం 12:40

స్పీడ్ సంగతి ఎవరూ ఎత్తట్లేదేంటి? అక్క బ్రాంచ్ నా ల్యాప్‌టాప్ మీద కూడికల్లో పాతదానికంటే కొంచెం నెమ్మదిగానే ఉంది. 32 బిట్లకి కూడా 64 బిట్ల సామాను మోస్తోంది కదా.

కొండాపూర్_కెర్నల్ | మధ్యాహ్నం 12:58

ముందు సరిగ్గా రానీ. తర్వాత హోస్ట్ ప్రాసెసర్‌ని దొంగచాటుగా వాడుకునే ఉపాయం ఉంది, క్యూఈఎంయూలో హార్డ్‌ఫ్లోట్ అని పెట్టారు. గెస్ట్‌లో ఇన్‌ఎగ్జాక్ట్ ఫ్లాగ్ ముందే లేచి ఉండి, రౌండింగ్ మోడ్ మామూలుదే అయి, ఇన్‌పుట్లు సున్నాలో సాధారణ సంఖ్యలో అయితే లెక్క నేరుగా హోస్ట్‌కి ఇచ్చేస్తారు. ఆ ఫ్లాగ్ ఒకసారి లేచిందంటే గెస్ట్ దించేదాకా అలాగే ఉంటుంది, ఎక్కువ ప్రోగ్రాములు అసలు దించనే దించవు. అది వేరే ప్యాచ్, వేరే థ్రెడ్. ఇక్కడ కలపొద్దు.

సున్నా_పక్కన | సాయంత్రం 6:20

మధ్యాహ్నమంతా కూర్చుని తొమ్మిది కమిట్లుగా విడదీశాను. నోటీసులు వెనక్కి వచ్చాయి. టైనీనెస్ ఫీల్డ్ పెట్టాక ఆర్మ్ 11 కూడా పాస్.

మన ఆటోమేటిక్ టెస్టుల్లో టైం పడుతుందని టెస్ట్‌ఫ్లోట్‌ని ఒక్క రౌండింగ్ మోడ్‌లోనే నడుపుతున్నాం. అందుకని 16 బిట్లకి మొత్తం తోడేద్దామనుకుంటున్నాను. 65,536 విలువలు, జతలు 429 కోట్ల 49 లక్షల చిల్లర. నా మెషిన్ సెకనుకి కోటి జతలు చేస్తుంది, అంటే ఒక లెక్కకి ఒక మోడ్‌లో ఏడు నిమిషాలు. ఆర్మ్‌కి 4 మోడ్లు, రిస్క్-ఫైవ్‌కి 5, లెక్కలు నాలుగు. నాలుగున్నర గంటల లోపే. పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కన, ఈసారి ఫ్లాగులతో సహా. రాత్రికి పెట్టి పడుకుంటా, కరెంటు పోకపోతే చాలు.

సున్నా_పక్కన | ఆదివారం ఉదయం 6:50

ఒక్క తేడా కూడా లేదు!! టీ తాగి పుల్ రిక్వెస్ట్ పంపుతున్నా. "ముట్టుకోవద్దు" స్థానంలో ఇలా రాశాను, చూడండి: "ఆర్మ్ రౌండ్ చేయకముందే చూస్తుంది. (1 − 2⁻²³) × (1 + 2⁻²³) × 2⁻¹²⁶కి అండర్‌ఫ్లో లేవాలి. రిస్క్-ఫైవ్‌లో లేవకూడదు. అనుమానం ఉంటే గుణించి చూసుకోండి."

కొండాపూర్_కెర్నల్ | ఉదయం 7:30

బాగుంది. నేను రాయాల్సింది. రివ్యూ మొదలుపెడుతున్నా.

కొత్తగా_కోడ్ | ఉదయం 9:12

అక్కా, నిన్న పాతచిప్పు సార్ చెప్పింది చదివాక ఐఈఈఈలో మైనస్ సున్నా గురించి వెతికాను. ఎక్స్ మైనస్ ఎక్స్ అన్ని మోడ్లలో ప్లస్ సున్నా, కిందికి రౌండ్ చేసే మోడ్‌లో మాత్రం మైనస్ సున్నా అని ఉంది. అది నీ టెస్ట్‌లో వచ్చినట్టేనా? నీ పోల్చే ఫంక్షన్ రెండు జవాబుల్నీ ఫ్లోట్‌గా మార్చి "సమానమేనా" అని అడుగుతోంది. మైనస్ సున్నా, ప్లస్ సున్నా సమానమే అంటుంది కదా? నాకే సరిగ్గా అర్థం కాలేదేమో.

సున్నా_పక్కన | ఉదయం 9:20

తేడా వస్తే చదవడానికి వీలుగా ఉంటుందని ఫ్లోట్‌గా మార్చాను. నాన్ నాన్‌కి సమానం కాదు కాబట్టి రెండు వైపులా నాన్ అయితే పాస్ అని కూడా పెట్టాను. ఆగు, బిట్లు పోల్చేలా మార్చి చూస్తా.

సున్నా_పక్కన | ఉదయం 9:41

తీసివేత, కిందికి రౌండ్ చేసే మోడ్. 1.0 − 1.0. పాత కోడ్ −0, నాది +0.

@కొండాపూర్_కెర్నల్ అన్నా, రివ్యూ ఆపు. @కొత్తగా_కోడ్ తమ్ముడూ, ఆ టెస్ట్ నువ్వే రాసి పంపు, నీ పేరు మీదే కమిట్ వేద్దాం.

పాతచిప్పు | ఉదయం 9:50

ఆ మేస్త్రి ఉండాల్సింది ఇప్పుడు.